వేషం మార్చిన పక్షులు: వసంతంలో మన తీరం మీద అరుదైన పిట్టను తేల్చుకోవడం

(ప్రసంగ పాఠం)

నమస్కారం. వెనక వరుసలకి వినిపిస్తోందా? సరే. ముందు ఆ రెండు లైట్లూ ఆపేయండి. ఇవాళ బొమ్మల్లో రంగులే ముఖ్యం.

ఈ మొదటి బొమ్మ చూడండి. బురద మీద అయిదు పిట్టలున్నాయి. ఒకటి నిలువెల్లా ఇటుకరంగు. రెండు బూడిదరంగు. ఇంకోటి బూడిదరంగు మీద ఎవరో ఎర్ర సున్నం చిలకరించినట్టుంది. అయిదోదానికి మెడ దాకా ఎరుపు, పొట్ట మాత్రం తెలుపు. ఎన్ని జాతులు? మూడంటున్నారు, నాలుగంటున్నారు. ఒక్కటేనండి. అయిదూ కర్లూ శాండ్‌పైపర్లే. ఏప్రిల్‌లో ఉప్పుమడుల గట్ల మీద నిలబడితే కనిపించే దృశ్యం ఇది.

వసంతంలో "కొత్త పక్షి దొరికింది" అంటూ వచ్చే కబుర్లలో ఎక్కువ భాగం ఇలా వేషం మార్చుకుంటున్న మామూలు పక్షులవే. తమాషా ఏమిటంటే, నిజంగా అరుదైనవాటిలో కొన్నింటిని తేల్చగలిగేది కూడా మార్చి నడిమి నుంచి మే నడిమి దాకా, ఈ రెండు నెలల్లోనే. చలికాలంలో అన్నీ బూడిదరంగులోనే ఉంటాయి, తేడాలు దాగిపోతాయి. అందుకని ఇవాళ్టి మాటంతా ఈ రంగు మార్పు చుట్టూనే తిరుగుతుంది. "ఈ ఏడాది మన జిల్లాలో ఏమేం వచ్చాయి" అనే జాబితా నా దగ్గర ఆశించకండి.

ముందు పేర్ల గురించి ఒక్క మాట. మన నిఘంటువుల్లో ఉల్లంకి ఉంది, తీతువు ఉంది, పరజ ఉంది, గూడబాతు ఉంది. కానీ బురద మీద తిరిగే ముప్ఫై రకాల చిన్న పిట్టలకు విడివిడిగా అందరూ ఒప్పుకునే తెలుగు పేర్లు స్థిరపడలేదు. పేరు తారుమారైతే రికార్డే తారుమారవుతుంది. అందుకని ఇంగ్లీషు పేర్లతోనే, ప్లోవర్, స్టింట్, గాడ్‌విట్ అనే పిలుస్తాను.

రంగు మారడం వెనక సంగతేమిటి? ఈ పక్షులు సైబీరియా టండ్రాలోనో, టిబెట్ పీఠభూమిలోనో గుడ్లు పెడతాయి. అక్కడ వేసవి కొద్ది వారాలే. వెళ్ళాక బట్టలు మార్చుకునే తీరిక ఉండదు కాబట్టి ఆ పని ఇక్కడే మొదలుపెడతాయి. రొమ్ము, వీపు, తల మీద ఈకలు ఒక్కొక్కటే రాలి కొత్తవి వస్తాయి. కొత్త ఈక కొనకు తెల్లటి అంచు ఉంటుంది. అది అరిగేదాకా లోపలి ఎరుపు పూర్తిగా బయటపడదు. అందుకే అదే పక్షి ఏప్రిల్ మొదట్లో మంచు పట్టినట్టుగా, నెలాఖరుకి కుంకుమలో ముంచినట్టుగా కనిపిస్తుంది. మగ, ఆడ తేడా దీనికి అదనం. ఆడవాటి రంగు చాలా జాతుల్లో వెలిసినట్టే ఉంటుంది.

మరి మే నెలాఖరులో కూడా బూడిదరంగులోనే ఉన్నవి? అవి ఎక్కువగా నిరుడు పుట్టిన పిల్లలు. తీరపక్షుల్లో చాలా జాతుల పిల్లలు మొదటి వేసవికి ఉత్తరానికి వెళ్ళవు, ఇక్కడే ఉండిపోతాయి. పెద్ద జాతుల్లో రెండో వేసవి కూడా ఉండేవి ఉన్నాయి. కాబట్టి జూన్‌లో ఒక గాడ్‌విట్ కనిపిస్తే "దారి తప్పిన పక్షి" అని రాయకండి. దాని రెక్క చివరి పెద్ద ఈకలు చూడండి. బాగా అరిగి, గోధుమరంగుకి తిరిగి, అంచులు చిరిగి ఉంటే అది ఏడాది పిల్ల అనడానికి మంచి ఆధారం.

ఇప్పుడు శాండ్ ప్లోవర్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మన తీరం మీద వసంతంలో జరిగే పొరపాట్లకు పుట్టిల్లు ఇదే.

మొన్న మొన్నటిదాకా లెస్సర్ శాండ్ ప్లోవర్ అని ఒకే జాతిగా రాసుకునేవాళ్ళం. ఇప్పుడు దాన్ని రెండు చేశారు. ఒకటి టిబెటన్ శాండ్ ప్లోవర్. హిమాలయాలకు ఆవల, టిబెట్, పామీర్ ఎత్తుల్లో, మన లద్దాఖ్ సరస్సుల దగ్గర కూడా గూడు పెడుతుంది. మనకు చలికాలంలో వందల కొద్దీ కనిపించేది ఇదే. రెండోది సైబీరియన్ శాండ్ ప్లోవర్. రష్యా తూర్పు కొసన చుకోట్కా, కంచట్కా వైపు గూడు పెట్టి, ఎక్కువగా ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలకు వెళ్తుంది. మనకు ఇది అరుదు. చలికాలంలో ఈ రెండింటినీ చూపుతో విడదీయడం దాదాపు అసాధ్యం. విడదీయాలంటే పెళ్ళి బట్టలు, అంటే గుడ్లు పెట్టే కాలపు రంగులు, కట్టిన మగపక్షి కావాలి.

పూర్తి రంగులో ఉన్న టిబెటన్ మగపక్షికి నొసలు నల్లగా ఉంటుంది. కళ్ళ మీది నల్ల పట్టీ నొసటితో కలిసిపోతుంది. రొమ్ము మీద వెడల్పాటి ఎర్ర పట్టీ, దాని పైఅంచుకు గీత ఉండదు. సైబీరియన్ మగపక్షికి నొసలు తెలుపు, ఆ తెలుపును మధ్యలో సన్నటి నల్లగీత రెండుగా చీలుస్తుంది. తెల్ల గొంతుకూ ఎర్ర రొమ్ముకూ మధ్య సన్నటి నల్ల అంచు ఉంటుంది. ఎరుపు పక్కల మీదుగా కిందికి కూడా జారుతుంది.

వినడానికి సులువుగానే ఉంది కదా. ఇక్కడ రెండు గోతులున్నాయి.

మొదటి గొయ్యి: చలికాలపు టిబెటన్ పక్షికి కూడా నొసలు తెల్లగానే ఉంటుంది. మార్చి నెలాఖరులో ఆ తెలుపు మీదికి నల్ల ఈకలు మొలుస్తున్నప్పుడు, సరిగ్గా సైబీరియన్ లాగే తెల్ల నొసలు, మధ్యలో నల్ల మరక కనిపిస్తాయి. కాబట్టి నొసటి ఒక్కదాని మీద తీర్పు చెప్పొద్దు. కంటి పట్టీ చిక్కటి నలుపుకు వచ్చిందా, రొమ్ము పట్టీ మధ్యలో తెల్ల ఈకలు లేకుండా నిండిందా చూడండి. ఆ రెండూ పూర్తయి కూడా నొసలు తెల్లగానే ఉంటే అప్పుడు అనుమానించండి. గొంతు కింద నల్ల అంచు కూడా కనబడితే పేరు రాయండి. ఆ అంచు చాలా సన్నం, యాభై మీటర్ల అవతల ఎండ మిలమిలలో కనిపించదు. పక్షి తల పైకెత్తి నిలబడ్డ ఫొటో కావాలి. మెడ ముడుచుకుంటే గొంతు నీడే నల్లగీతలా కనబడుతుంది.

రెండో గొయ్యి: గ్రేటర్ శాండ్ ప్లోవర్. దీని మగపక్షుల్లో చాలావాటికి తెల్ల నొసలు, మధ్యలో నల్ల చీలిక ఉంటాయి. అంటే మీరు సైబీరియన్ అని సంబరపడేది గ్రేటర్ కావచ్చు. అందుకే నొసటి కంటే ముందు ముక్కు చూడాలి. ముక్కు పొడవును ముక్కు మొదలు నుంచి కంటి వెనక అంచు దాకా ఉన్న దూరంతో పోల్చండి. ఆ దూరం కంటే పొడవుగా, బరువుగా, కొన సూదిగా ఉంటే గ్రేటర్. పొట్టిగా, కొన మొద్దుగా ఉంటే లెస్సర్ జంటలో ఒకటి. గ్రేటర్ కాళ్ళు పొడుగు, ఎక్కువగా పసుపు-ఆకుపచ్చ ఛాయ. ఎగిరేటప్పుడు వేళ్ళు తోక దాటి కనిపిస్తాయి. రొమ్ము మీది ఎర్ర పట్టీ సన్నగా ఉంటుంది. కాలి రంగును మాత్రం చివర్న వాడండి. బురద ఎండిన కాలు ఏ రంగైనా చూపిస్తుంది. కెమెరా వైట్ బ్యాలెన్స్ దాన్ని ఇంకో రంగు చేస్తుంది.

ఆడపక్షి అయితే? ముక్కును బట్టి గ్రేటరా కాదా తేల్చి అక్కడితో ఆగండి. "సైబీరియన్ లేదా టిబెటన్" అని రాసే వీలు ఈబర్డ్‌లో, అంటే మనం చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఉంది. అది ఓటమి కాదు, సరైన సమాధానమే.

ప్లోవర్ల దగ్గర ఉన్నాం కాబట్టి ఇంకో కొత్త పేరు. కెంటిష్ ప్లోవర్‌గా రాసుకుంటూ వచ్చినవాటిలో దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ స్థిరంగా ఉండేవాటిని 2023లో వేరే జాతిగా గుర్తించారు. పేరు హనుమాన్ ప్లోవర్. పెళ్ళి బట్టల్లో ఉన్న కెంటిష్ మగపక్షికి ముక్కు నుంచి కంటి దాకా నల్ల గీత ఉంటుంది. హనుమాన్‌కి ఆ జాగా తెల్లగా ఉంటుంది. వలస వచ్చిన కెంటిష్‌లు వెళ్ళిపోయాక, మే నెలలో ఇసుక మీద పిల్లలతో కనిపించేవాటి మొహాలను శ్రద్ధగా ఫొటో తీయండి. ఇది ఎంత ఉత్తరం దాకా గూడు పెడుతుందో మన తీరం లెక్క బాగా తేలాల్సి ఉంది. అరుదైన పక్షి వెతుకుతూ మనం పట్టించుకోకుండా దాటేసే పిట్టల్లోనే ఈ పని మిగిలి ఉంది.

ఇక స్టింట్లు. పిచ్చుకంత పిట్టలు. మనకు గుంపులుగా వచ్చేది లిటిల్ స్టింట్. ఆ గుంపులో రెడ్-నెక్డ్ స్టింట్ ఉందేమోనని వెతకడం తూర్పు తీరంలో వసంతపు వినోదం. రెండింటికీ కాళ్ళు నలుపే. ఏప్రిల్ నెలాఖరుకి రెడ్-నెక్డ్‌కి మొహం, గొంతు మచ్చలేని ఎరుపు అవుతాయి. ఆ ఎరుపు కింద, తెల్ల రొమ్ము పక్కల మీద చిన్న చిన్న నల్ల చారలు. వీపు పైభాగం ఎర్రగా, కిందున్న రెక్క ఈకలు మాత్రం బూడిదగా, రెండు వేర్వేరు చొక్కాలు వేసినట్టుంటుంది. లిటిల్ స్టింట్‌కి గొంతు తెలుపు, నారింజరంగు రొమ్ము పక్కలకే ఉంటుంది, వీపు మీద తెల్లటి వి అక్షరం, రెక్క ఈకల అంచులన్నీ ఎరుపు. గొంతు తెల్లగా ఉందా, లేదా? అది చూస్తే సగం పని అయినట్టే.

ఇక్కడ అడ్డం వచ్చేది శాండర్లింగ్. చలికాలమంతా అలల వెంట పరుగెత్తే తెల్ల పిట్ట. వసంతంలో దాని తల, గొంతు, రొమ్ము ఎర్రబారతాయి. పక్కన పోల్చడానికి ఇంకో పిట్ట లేకపోతే పెద్ద రెడ్-నెక్డ్ స్టింట్‌లా నమ్మించేస్తుంది. పరిమాణం మీద నమ్మకం పెట్టకండి. కాలి వెనకవేలు చూడండి. శాండర్లింగ్‌కి వెనకవేలు ఉండదు, స్టింట్‌లకు ఉంటుంది.

తరవాతి బొమ్మ అందరూ ఎదురుచూస్తున్నదే, స్పూన్-బిల్డ్ శాండ్‌పైపర్. ప్రపంచంలోనే అత్యంత ప్రమాదంలో ఉన్న తీరపక్షుల్లో ఒకటి. గూడు చుకోట్కా, ఉత్తర కంచట్కా తీరాల్లో, చలికాలం ఎక్కువగా మయన్మార్, బంగ్లాదేశ్ బురదనేలల్లో. బంగాళాఖాతం అవతలి ఒడ్డున ఉన్న పక్షి కాబట్టి ఇవతలి ఒడ్డున దాని కోసం వెతకడం పిచ్చి కాదు. కాకపోతే వచ్చే కబుర్లలో చాలావాటికి కారణం బురద. స్టింట్ ముక్కు కొనకు బురద ముద్ద అంటుకుంటే దూరం నుంచి అచ్చం గరిటె. రెండు మూడు నిమిషాలు ఆగితే కడుక్కుంటుంది, గరిటె మాయమవుతుంది. అసలైన పక్షితో దీనికి తిరగబడ్డ ఇబ్బంది. పక్కనుంచి చూస్తే గరిటె కనబడదు, మామూలు ముక్కులాగే ఉంటుంది. తల మీకు ఎదురుగా తిప్పినప్పుడే వెడల్పు తెలుస్తుంది. కాబట్టి ముందు తిండి తినే తీరు చూడండి. స్టింట్ అటూ ఇటూ పరుగెడుతూ టకటకా పొడుస్తుంది. ఇది పల్చటి నీళ్ళలో తల దించి, ముక్కు నీళ్ళలోంచి తీయకుండా ముందుకు నడుస్తూ దువ్వినట్టు తింటుంది. ఆ నడక కనిపిస్తే టెలిస్కోప్ కదపకుండా ఎదురు మొహం కోసం కాచుకోండి. వీడియో తీయండి. ఫొటో ఒక్కటి ఉంటే బురదా గరిటా అనే వాదన తెగదు.

పెద్దవాటిని త్వరగా దాటేస్తాను. గ్రేట్ నాట్ కాకినాడ తీరానికి వచ్చేదే, కానీ ప్రపంచవ్యాప్తంగా ఎండేంజర్డ్ (అంతరించే ప్రమాదం ఉన్నవి) జాబితాలో ఉంది. చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రం (ఎల్లో సీ) ఒడ్డున బురదనేలలను పూడ్చేయడం దాన్ని బాగా దెబ్బ తీసింది. దక్షిణ కొరియాలో సేమంగం దగ్గర 33 కిలోమీటర్ల సముద్రపు గోడను 2006లో మూసేశారు, అది ఈ పక్షులు ఆగి తినే పెద్ద చోటు. వసంతంలో గ్రేట్ నాట్ రొమ్ము మీద నల్ల మచ్చలు కిక్కిరిసి ఉంటాయి, ఎరుపు భుజాల మీదే ఉంటుంది. రొమ్మూ పొట్టా ఇటుకరంగైతే, ముక్కు తల పొడవు మించకుండా తిన్నగా ఉంటే అది రెడ్ నాట్. మనకు అరుదు, కాబట్టి దాన్ని మొదట్లో చూపిన కర్లూ శాండ్‌పైపర్‌తో పొరబడలేదని నిరూపించాలి. కర్లూ శాండ్‌పైపర్ ముక్కు పొడవుగా, కిందికి వంగి ఉంటుంది.

ఏషియన్ డోవిచర్ అనుమానం వస్తే ముక్కు మొదలు నుంచి చివర దాకా నలుపేనా, తిన్నగా ఉందా, కొన కాస్త ఉబ్బిందా చూడండి. కుట్టుమిషను సూదిలా పైకీ కిందికీ పొడుస్తుంది. బార్-టెయిల్డ్ గాడ్‌విట్‌కి ముక్కు మొదట్లో గులాబీ ఛాయ, కొన కాస్త పైకి లేచి ఉంటుంది. నార్డ్‌మన్స్ గ్రీన్‌షాంక్ అనుమానం చాలాసార్లు పసుపు కాళ్ళ మామూలు గ్రీన్‌షాంక్ దగ్గర తేలిపోతుంది. నార్డ్‌మన్స్ కాళ్ళు పొట్టి, మోకాలి పైభాగం కొంచెమే కనిపిస్తుంది, ముక్కు మొదలు మందంగా రెండు రంగుల్లో ఉంటుంది, వేళ్ళ మధ్య చర్మం ఉంటుంది. ఫార్ ఈస్టర్న్ కర్లూకి నడుము మీద తెలుపు ఉండదు, రెక్క అడుగు ముదురు. ఎగిరిన ఫొటో లేకుండా దాని పేరు ఎత్తకండి. నడుము మీద తెలుపు తగ్గిన తూర్పు రకం విమ్‌బ్రెల్‌లు ఉన్నాయి, అవి ఇక్కడ బోల్తా కొట్టిస్తాయి. విమ్‌బ్రెల్ నడినెత్తి మీద చారలు చూసుకోండి.

ఇవన్నీ ఎప్పుడు, ఎక్కడ నిలబడి చూడాలి? ఇక్కడ పక్షి కంటే నీళ్ళూ సూర్యుడూ ముఖ్యం.

పోటు రోజుకు రెండుసార్లు, సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది. అంటే ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పాటు మీద నీళ్ళు తీసినప్పుడు పక్షులు కిలోమీటర్ల మేర బురద మీద చెదిరిపోతాయి, మీకు చుక్కల్లా కనిపిస్తాయి. పోటు పూర్తవడానికి రెండు గంటల ముందు వెళ్ళి కూర్చుంటే నీళ్ళే వాటిని మీ వైపు తోస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల పెద్ద పోటుకి బురదంతా మునిగి, గుంపులన్నీ ఇసుక దిబ్బల మీదికో, ఉప్పుమడుల్లోకో, నీళ్ళు తీసేసిన రొయ్యల చెరువుల్లోకో చేరతాయి. పోటు సమయాలకు సర్వే ఆఫ్ ఇండియా పట్టికలున్నాయి, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అంచనాలున్నాయి. తీరపు పోటు గడియారం కాకినాడ లాంటి అఖాతానికి సరిపోతుంది. పులికాట్ లోపలికి సరిపోదు. అక్కడ సముద్రపు మొగలు ఇరుకు, వసంతానికి కొన్ని పూడుకుపోతాయి కూడా. అక్కడ నీటిమట్టాన్ని నడిపేది ఎండ, గాలి. నీళ్ళు ఆవిరై బురద అంచు ఎక్కడికి జరిగిందో పక్షులూ అక్కడికే జరుగుతాయి.

సూర్యుడి సంగతి. మనది తూర్పు తీరం. పొద్దున్నే సముద్రం వైపు చూస్తే ఎండ కళ్ళలోకి కొడుతుంది, పక్షులన్నీ నల్ల నీడలే. కాబట్టి ఉదయం పోటు అయితే సముద్రానికి వీపు పెట్టి లోపలి ఉప్పుమడులు చూడండి. సాయంత్రం పోటు అయితే సముద్రం వైపు తిరగండి. పోటు సాయంత్రం నాలుగూ ఆరూ మధ్య పడే రోజులు ముందే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. వసంతంలో అలాంటివి కొద్దే దొరుకుతాయి.

ఎండ మిలమిల ఇంకో శత్రువు. ఏప్రిల్‌లో ఉదయం తొమ్మిది దాటితే తెల్లటి ఉప్పునేల మీద గాలి మరుగుతుంది. టెలిస్కోప్‌ను 60 రెట్లకు తిప్పితే మిలమిల కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. 25, 30 దగ్గర ఆపండి. స్టాండు పొట్టిగా పెట్టి కూర్చోవడం మానేసి ఎత్తుగా నిలబెట్టండి. నేలకు ఆనుకున్న గాలిలోనే వంకర ఎక్కువ. అప్పటికీ కాకపోతే వదిలేయండి. మరిగే గాలిలో తీసిన ఫొటోలో ముక్కు పొడవు కొలవడం దండగ.

కోరింగ అభయారణ్యంలోకీ, హోప్ ఐలాండ్ వైపుకీ అటవీశాఖ అనుమతితోనే వెళ్ళాలి. శ్రీహరికోట వైపు అయితే చెప్పనక్కర్లేదు. ఇంకోటి, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల చేపల వేట నిషేధం. సముద్రపు పక్షుల కోసం పడవ ఎక్కాలనుకునేవాళ్ళు ఆ తేదీకి ముందే చూసుకోవాలి.

మూడో వరుసలో ప్రశ్న... కెమెరా ఎలాంటిది కావాలని. 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్స్ చాలు. కానీ లెన్స్ కంటే ఏ ఫొటో తీస్తున్నారన్నదే పెద్ద సంగతి. అందమైన ఒక్క పక్కచూపు ఫొటో కంటే నాలుగు మామూలు ఫొటోలు మేలు: పక్కనుంచి, ఎదురుగా, రెక్క విప్పినప్పుడు, పక్కన తెలిసిన పక్షితో కలిపి. తీరపక్షి ఒళ్ళు దులుపుకునేటప్పుడు ఒక్క క్షణం రెండు రెక్కలూ పైకెత్తుతుంది. నడుము, తోక, రెక్క చార అన్నీ ఆ క్షణంలోనే దొరుకుతాయి. షట్టర్ 1/2000 పెట్టుకుని వేలు మీద ఉండండి. దాన్ని ఎగరగొట్టి రెక్క ఫొటో తీయడం మాత్రం వద్దు. ఏప్రిల్‌లో అది కొవ్వు పేర్చుకునే పనిలో ఉంది. వేల కిలోమీటర్లు ఎగరడానికి గ్రేట్ నాట్ లాంటివి తమ బరువును ఇంచుమించు రెట్టింపు చేసుకుంటాయి. పోటు వేళ గుంపును ఒకసారి లేపితే వాటికి దిగడానికి ఇంకో జాగా ఉండకపోవచ్చు. తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయంటే మీరు అప్పటికే దగ్గరికి వచ్చేశారు. అక్కడ ఆగి కూర్చోండి, పోటు వాటినే తెస్తుంది.

ఫొటోను దిద్దడం గురించి కూడా చెప్పాలి. పదును పెంచితే ఈక అంచుల చుట్టూ తెల్ల గీతలు పుడతాయి, రంగు గాఢత పెంచితే నారింజ ఎరుపవుతుంది. ఈ రెండూ స్టింట్ గొంతు మీద కొత్త జాతిని పుట్టించగలవు. నిర్ధారణకి పంపేటప్పుడు దిద్దని ఫొటోనే పంపండి.

రాసుకోవడం. పక్షుల గుర్తింపు పుస్తకం తెరవకముందే రాయాలి. తెరిచాక కన్ను చూసింది కాకుండా పుస్తకం చూపింది రాస్తుంది. ముందు పరిమాణం, పక్కనున్న ఫలానా పక్షి కంటే ఎంత అని. తరవాత తల పొడవుతో పోల్చి ముక్కు పొడవు, దాని ఆకారం. కాళ్ళ రంగు, అవి తడిగా ఉన్నాయా బురదగా ఉన్నాయా. రెక్క కొన తోకను దాటిందా. మొహం, గొంతు, రొమ్ము. ఎగిరితే నడుము. కూత వినబడితే ఫోన్‌లో రికార్డు చేసి, ఆ వెంటనే "ఈ కూత ఫలానా పక్షిదే" అని మీ గొంతుతో చెప్పి ముగించండి. ఇంటికి వెళ్ళాక ఏ కూత ఎవరిదో గుర్తుండదు. చివరిగా ఒక వాక్యం తప్పనిసరి: దీనికి దగ్గరి మామూలు పక్షి ఏది, అది ఎందుకు కాదు. సమీక్షించేవాళ్ళు మొదట వెతికేది ఆ వాక్యాన్నే. "చాలా స్పష్టంగా చూశాను" అని రాస్తే దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

కాలికి రంగు జెండా (పరిశోధకులు తొడిగే చిన్న ప్లాస్టిక్ పట్టీ) ఉన్న పక్షి కనిపిస్తే, జాతి మామూలుదైనా సరే, అది ఆ రోజు మీకు దొరికిన విలువైన రికార్డు. ఏ కాలికి, మోకాలికి పైనా కిందా, రెండు జెండాలుంటే పైది ఏ రంగు, కిందిది ఏ రంగు, మీద అక్షరాలు ఏమిటి. జెండా రంగుల కలయిక అది ఏ దేశంలో తొడిగారో చెబుతుంది. వాయవ్య ఆస్ట్రేలియా వాళ్ళది పసుపు, విక్టోరియా వాళ్ళది నారింజ. ఎండకు నారింజ వెలిసి పసుపులా కనిపిస్తుంది, జాగ్రత్త. కుడి ఎడమలు పక్షివి రాయాలి, మీవి కాదు. అద్దం తిప్పిన ఫొటో వల్ల కాళ్ళు తారుమారైన రికార్డులు ఎన్నో. మన దేశంలో కాలికి తొడిగిన ఉంగరాలు కనిపిస్తే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయాలి.

తుపాను పక్షుల గురించి అడుగుతున్నారు. బంగాళాఖాతంలో ఏప్రిల్, మే నెలల్లోనూ తుపానులొస్తాయి. 2019 మే 3న ఫణి పూరీ దగ్గర తీరం దాటింది, 2022 మే 11న అసని మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరాన్ని తాకింది. ఇలాంటివి నడిసముద్రపు పక్షులను ఒడ్డుకు, కొన్నిసార్లు లోపలి చెరువుల దాకా విసిరేస్తాయి. సూటీ టెర్న్, బ్రైడిల్డ్ టెర్న్, ఫ్రిగేట్ పక్షులు, షియర్‌వాటర్లు. తుపాను ఒడ్డు దాటేదాకా ఎవరూ తీరానికి పోకూడదు, హెచ్చరిక ఎత్తేశాకే. పక్షులు ఎలాగూ ఆ తరవాతి ఒకటి రెండు రోజుల్లోనే కనిపిస్తాయి. సూటీ, బ్రైడిల్డ్ తేడా నొసటి తెలుపులో ఉంది. సూటీకి ఆ తెలుపు కంటి దగ్గరే ఆగిపోతుంది, వీపు నలుపు. బ్రైడిల్డ్‌కి సన్నటి కనుబొమలా కంటి వెనక్కి సాగుతుంది, వీపు గోధుమ-బూడిద. ఫ్రిగేట్ పక్షి అయితే ఇంకేమీ ఆలోచించకుండా పొట్ట, చంకలు కనిపించేలా కింద నుంచి వరసగా ఫొటోలు తీయండి. చంకలో తెలుపు ఉందా లేదా అన్న దాని మీదే సగం తీర్పు ఆధారపడుతుంది.

ఒడ్డున సొమ్మసిల్లి పడిన సముద్రపు పక్షిని తిరిగి నీళ్ళలోకి విసరకండి. నోట్లో నీళ్ళు పోయకండి. చేతులకు తొడుగు వేసుకుని, గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా పెట్టి అటవీశాఖకు చెప్పండి. చచ్చిన పక్షిని ఉత్త చేతులతో ముట్టొద్దు, బర్డ్ ఫ్లూ భయం ఉంది. పక్కన స్కేలు పెట్టి పైనుంచి, కిందనుంచి, రెక్క విప్పి ఫొటో తీస్తే అదీ పూర్తి రికార్డే.

చోటు చెప్పాలా వద్దా? తిండి తింటూ తిరిగే వలసపక్షి అయితే చెప్పవచ్చు. ఇసుక మీద గూడు పెట్టిన చిన్న టెర్న్‌లు, ప్రాటింకోల్‌లు, ప్లోవర్ల మధ్య అరుదైనది దిగితే, అవి గుడ్లు పొదిగి వెళ్ళేదాకా చెప్పకపోవడమే మంచిది. పది మంది ఫొటోలకు నిలబడితే గుడ్లు ఏప్రిల్ ఎండకు ఉడికిపోతాయి. ఇసుకతిన్నెల మీద స్కిమ్మర్లు వాలినా ఇదే మర్యాద. పెద్ద ఎర్ర ముక్కుతో, కింది దవడ పొడుగ్గా ఉండే ఆ పక్షిని ఇంకోదానితో పొరబడే అవకాశమే లేదు, దగ్గరికి వెళ్ళాల్సిన పనీ లేదు.

ఆఖరి ప్రశ్న, అక్కడ ఆ మూలనుంచి. నిరుడు ఈబర్డ్‌లో పెట్టిన రికార్డు తప్పని ఇప్పుడు తెలిసింది, తీసేయాలా అని. తీసేయకండి. జాబితాలోకి వెళ్ళి ఆ పేరును మార్చండి. తెల్ల నొసటి ప్లోవర్ మార్చి నెలాఖరుదైతే "సైబీరియన్ లేదా టిబెటన్" కిందికి దించండి, ఫొటోలు అలాగే ఉంచండి, వివరణలో ఎందుకు మార్చారో ఒక వాక్యం రాయండి. ఆ తేదీకి ఆ చోట మన పక్షులు ఎంతవరకు రంగు మార్చాయో చెప్పే సాక్ష్యం అది. వచ్చే మార్చిలో ఇంకొకరు అదే గోతి దగ్గర నిలబడినప్పుడు వాళ్ళకి కావలసింది సరిగ్గా ఆ ఫొటోనే.

లైట్లు వేయండి.